మొహం లేని రోబోతో తొలి పాఠాలు: డిజైన్ తరగతిలో మైక్రోబిట్ పనితీరు

మనుషులు రోబోలతో ఎలా మెలుగుతారు, రోబోలు మనుషుల మధ్య ఎలా మెలగాలి అన్న విషయాన్ని డిజైన్ విద్యార్థులకు చేతులతో చేయించి నేర్పాలనుకునే అధ్యాపకులకు ముందుగా ఎదురయ్యే ప్రశ్న ఏ పరికరం కొనాలన్నది. కళ్లు, చేతులు, మాట అన్నీ అమర్చి ఉన్న ఖరీదైన రోబో ఒకటి తెచ్చి తరగతి మొత్తానికి చూపించాలా, లేక ప్రతి జట్టుకూ చిన్న సర్క్యూట్ బోర్డులు, మోటార్లు, అట్టముక్కలు ఇచ్చి వాళ్ల చేతే ఏదో ఒక దాన్ని కదిలింపజేయాలా? నేను ఇంటరాక్షన్ డిజైన్ బోధిస్తాను. రెండో దారిలో మైక్రోబిట్ అనే బోర్డును తరగతిలో వాడుతూ వచ్చాను కనుక, ఆ అనుభవాన్ని ఆధారం చేసుకుని ఈ సమీక్ష రాస్తున్నాను. పిల్లలకు ప్రోగ్రామింగ్ నేర్పే సాధనంగా దీని మంచిచెడ్డలను ఇక్కడ చర్చించడం లేదు. రోబో ప్రవర్తనను శరీరంతో అనుభవించి, ఆ అనుభవం నుంచి డిజైన్ చేయడం నేర్పాలంటే ఇది ఎంతవరకు పనికొస్తుందన్నదే ఇక్కడ చూడబోయే విషయం.

ముందుగా వస్తువు గురించి. మైక్రోబిట్‌ను బ్రిటన్ ప్రసార సంస్థ బీబీసీ కొన్ని భాగస్వామ్య సంస్థలతో కలిసి రూపొందించి, 2016లో అక్కడి బడిపిల్లలకు ఉచితంగా పంచింది. ఇప్పుడు దొరికే రెండో వెర్షన్ 2020లో వచ్చింది. దాదాపు ఐదు సెంటీమీటర్ల పొడవు, నాలుగు సెంటీమీటర్ల వెడల్పు ఉండే ఆ బోర్డు మీద 25 చిన్న ఎర్ర దీపాలు, రెండు బటన్లు, వంపునూ కుదుపునూ పసిగట్టే యాక్సిలరోమీటర్, దిక్సూచి, మరో మైక్రోబిట్‌తో నేరుగా మాట్లాడుకునే రేడియో ఉంటాయి. రెండో వెర్షన్‌లో మైకు, స్పీకర్, తాకితే స్పందించే చిహ్నం కూడా చేరాయి. అడుగు అంచున ఉన్న పెద్ద రంధ్రాలకు క్లిప్పులు తగిలిస్తే చాలు, టంకం వేయనక్కరలేదు. మేక్‌కోడ్ అనే ఎడిటర్‌ను బ్రౌజర్‌లో తెరిచి, దిమ్మెల లాంటి ఆదేశాలను ఒకదాని కింద ఒకటి పేర్చుకుంటూ ప్రోగ్రాం రాయవచ్చు. ఇష్టమైన వారు పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలోనూ రాయవచ్చు.

ఈ జాబితాలో నా దృష్టిలో అసలైన విలువ రేడియోది, యాక్సిలరోమీటర్‌ది. ఒక బోర్డును విద్యార్థి చేతిలో పెట్టి, రెండో బోర్డును అట్టతో చేసిన శరీరంలో దాచి, దానికి ఒక చిన్న సర్వో మోటారు, అంటే చెప్పిన కోణానికి తిరిగి ఆగే మోటారు, తగిలించామనుకోండి. చేతిలోని బోర్డు ఎంత వంగిందో రేడియో ద్వారా రెండోదానికి చేరుతుంది. అది మోటారును అంత కోణానికి తిప్పుతుంది. ప్రోగ్రాం రెండు వైపులా కలిపి పది వరుసలు కూడా ఉండదు. మణికట్టు ముందుకు వంచితే అట్ట తల వంగుతుంది, నెమ్మదిగా ఎత్తితే నెమ్మదిగా లేస్తుంది. విద్యార్థి కోణాల లెక్క ఏమీ వేయకుండానే, తన శరీరంలో ఉన్న కదలికను నేరుగా మరో వస్తువులోకి పంపగలుగుతాడు. ప్రతి జట్టూ 0 నుంచి 255 మధ్య తనకంటూ ఒక రేడియో గ్రూపు సంఖ్య ఎంచుకోవాలి. అలా చేయకపోతే పక్క జట్టువాళ్ల చేయి మన రోబో తలను ఊపుతుంది. ఒకసారి అలా జరగనివ్వడమే మంచిదని నేననుకుంటాను. తమ ముందున్న వస్తువు ఎవరి ఇష్టం ప్రకారం కదులుతోందన్న ప్రశ్న అప్పుడు విద్యార్థుల నోటి నుంచే వస్తుంది.

ఇది డిజైన్ విద్యార్థులకు ప్రత్యేకంగా ఎందుకు అవసరమో చెప్పాలి. రోబోను డిజైన్ చేయమంటే వారు ముందుగా రూపం గీస్తారు. గుండ్రటి తల, పెద్ద కళ్లు, నునుపైన తెల్లటి ఒళ్లు కాగితం మీదకు వచ్చేస్తాయి. అది ఎలా కదులుతుంది, ఎదుటి మనిషి పలకరించాక ఎంతసేపటికి స్పందిస్తుంది, దారికి అడ్డొచ్చినప్పుడు ఏం చేస్తుంది అన్నవి ఆ బొమ్మలో కనిపించవు. అయితే మనిషి మనసు కదలికకు ఎంత త్వరగా అర్థం కల్పిస్తుందో మనస్తత్వ శాస్త్రవేత్తలు ఫ్రిట్జ్ హైడర్, మేరియన్ సిమెల్ 1944లోనే చూపించారు. రెండు త్రిభుజాలు, ఒక వృత్తం అటూ ఇటూ కదిలే చిన్న చిత్రాన్ని 34 మందికి చూపించి, ఏం చూశారో రాయమన్నారు. ఒక్కరు మాత్రమే ఆకారాలు కదిలాయని రాశారు; మిగిలిన వారంతా తగాదాలు, వెంటపడటాలు, తప్పించుకోవడాలు ఉన్న కథ రాశారు. కళ్లూ లేవు, నోరూ లేదు. వేగం, దిశ, ఆగడం, మళ్లీ బయలుదేరడం మాత్రమే ఉన్నాయి.

ఈ సూత్రాన్ని రోబోలకు అన్వయించిన పనులు తర్వాతి కాలంలో చాలా వచ్చాయి. హిదెకి కొజిమా రూపొందించిన కీపాన్ అనే పసుపుపచ్చ చిన్న రోబోకు రెండు ముద్దల శరీరం, నాలుగు రకాల కదలికలు మాత్రమే ఉన్నాయి. అయినా అది ఎవరి వైపు చూస్తోందో, దేనికి సంబరపడుతోందో పిల్లలకు వెంటనే తెలిసిపోతుంది. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో వెండీ జూ బృందం 2015లో ప్రచురించిన అధ్యయనంలో రోబో అంటే కాళ్లు చాపుకునే చక్రాల పీట, అంతే. కనిపించకుండా ఉన్న పరిశోధకులు దాన్ని నడిపించారు. అది దగ్గరికి వచ్చి ఆగితే కాళ్లు పెట్టుకోమంటోందని, కాళ్లు పెట్టుకున్నాక కదిలితే తీయమంటోందని జనం అర్థం చేసుకున్నారు. మన తరగతిలో అట్టపెట్టె, మైక్రోబిట్ కలిసి చేసేది ఈ తరహా పనే.

పరికరాన్ని పెట్టెలోంచి తీయకముందే ఒక అభ్యాసం చేయించాలి. నా ఉద్దేశంలో ఈ మొత్తం పాఠంలో అతి ముఖ్యమైన భాగం అదే. ఒక విద్యార్థి రోబో పాత్ర తీసుకుంటాడు. ఒక్క కీలు మాత్రమే కదిపే అనుమతి ఉంటుంది: మెడ, లేదా నడుము, లేదా ఒక మోచేయి. మాట లేదు, ముఖం మీద అట్టపెట్టె ఉంటుంది. ఇంకో విద్యార్థి గదిలోకి వచ్చి, బల్ల మీదున్న రెండు వస్తువుల్లో సరైనదాన్ని తీసుకోవాలి. ఏది సరైనదో రోబో పాత్రధారికి మాత్రమే తెలుసు. మొదట్లో వాళ్లు వస్తువు వైపు గట్టిగా తల విసిరి చూపిస్తారు. క్రమంగా ఒక సంగతి వారి శరీరానికే తెలిసివస్తుంది: ముందు వచ్చిన మనిషి వైపు తిరిగి, ఒక క్షణం ఆగి, ఆ తర్వాత వస్తువు వైపు తిరిగితేనే ఎదుటివారికి అది సూచనగా అందుతోంది, ఆ మొదటి చూపు లేకపోతే అదే కదలిక ఊరికే తిరగడంలా కనిపిస్తోంది. ఎదుటివారు తప్పు వస్తువు మీద చేయి వేయబోతున్నప్పుడు ఆపాలంటే ఏం చేయాలన్నది ఇంకా కష్టమైన సమస్య. దానికి ఒక్కో జట్టు ఒక్కో జవాబు కనుక్కుంటుంది. పాఠ్యపుస్తకంలో ఉండని జవాబులవి.

మైక్రోబిట్‌ను చేతికి ఇచ్చే సమయం సరిగ్గా ఇదే. శరీరంతో తెలుసుకున్న విషయం మరిచిపోకముందే, దాన్ని అంకెలుగా మార్చమని ఒత్తిడి చేయకుండా, చేతి కదలికగా అట్ట శరీరంలోకి పంపే వీలు ఈ పరికరం కల్పిస్తుంది. చాలా సాధనాలు ముందు కోణాలు, మిల్లీసెకన్లు అడుగుతాయి. అంకెలు మొదట వస్తే, డిజైన్ విద్యార్థుల్లో సగం మంది ప్రోగ్రాం పనిచేయించడాన్నే లక్ష్యంగా పెట్టుకుంటారు, పనిచేయగానే ఆగిపోతారు. చేయి మొదట వస్తే కదలిక ఎలా ఉందన్నది ముందు చూస్తారు, ప్రోగ్రాం ఆ కదలికను కాపాడే మార్గంగా కనిపిస్తుంది.

అయితే చేతి నుంచి ప్రోగ్రాంలోకి మారే దశ తప్పనిసరిగా వస్తుంది, ఎందుకంటే రోబో వెనుక ఎప్పుడూ ఒక చేయి ఉండదు. పాఠం లోతుగా మారేది ఇక్కడే. తరగతుల్లో సాధారణంగా వాడే తొమ్మిది గ్రాముల సర్వో మోటారుకు ‘90 డిగ్రీలకు వెళ్లు’ అని ఆదేశమిస్తే, అది తన శక్తి కొద్దీ పరుగెత్తుతుంది. 60 డిగ్రీలు తిరగడానికి సెకనులో దాదాపు పదో వంతు చాలు. ఆ వేగంతో తల తిప్పిన రోబోను చూసిన ప్రతి ఒక్కరూ వెనక్కి తగ్గుతారు. చేతితో నడిపినప్పుడు ప్రాణమున్నట్టు అనిపించిన అదే అట్ట తల, ప్రోగ్రాంతో నడపగానే యంత్రంలా ఎందుకు మారిపోయిందో విద్యార్థులకు మొదట అర్థం కాదు. చేతిలోని బోర్డు పంపిన విలువలను వరుసగా నమోదు చేసి గ్రాఫుగా గీయించినప్పుడు కారణం కళ్లకు కడుతుంది. చేయి నెమ్మదిగా బయలుదేరింది, మధ్యలో వేగం అందుకుంది, చివర్లో తగ్గింది, గమ్యం కొంచెం దాటి వెనక్కి వచ్చి నిలిచింది. సర్వో ఆదేశంలో వీటిలో ఒక్కటీ లేదు.

అందువల్ల ప్రయాణాన్ని చిన్న అడుగులుగా విడగొట్టాలి. ఈ మోటారుకు సంకేతం 20 మిల్లీసెకన్లకు ఒకసారి అందుతుంది కాబట్టి, అంతకంటే తరచుగా కొత్త కోణం ఇచ్చి లాభం లేదు. ప్రతి అడుగులోనూ ఇప్పుడున్న కోణానికీ చేరాల్సిన కోణానికీ మధ్య ఉన్న తేడాలో ఒక భాగం మాత్రమే జరపమని రాస్తే, కదలిక మొదట వేగంగా ఉండి, గమ్యం దగ్గరవుతున్న కొద్దీ మెత్తబడుతుంది. ఆ భాగం సగం అయితే రోబో చురుగ్గా, అప్రమత్తంగా కనిపిస్తుంది. పదో వంతు అయితే, చేతి బోర్డు పంపే కోణాన్నే గమ్యంగా పెట్టినప్పుడు అది చేతి కంటే దాదాపు ఐదో వంతు సెకను వెనకబడి నడుస్తుంది. చూసేవారు దాన్ని నిదానస్తురాలనో, అలసిపోయిందనో, ఆలోచిస్తోందనో వర్ణిస్తారు. ఇంకా తగ్గిస్తే తమ మాట వినిపించుకోవడం లేదని విసుక్కుంటారు. ప్రోగ్రాంలో మార్చింది ఒకే ఒక్క సంఖ్య. రోబో స్వభావం అనే పెద్ద మాటను విద్యార్థులు ఆ సంఖ్యను అటూ ఇటూ జరుపుతూ, ఎదుటివారి ముఖాలు చూస్తూ నేర్చుకోవడం నాకు ఈ పరికరం ఇచ్చిన గొప్ప తృప్తి. చేతి వణుకును తగ్గించడానికి వాడే మెత్తదనమే ఆలస్యాన్ని పెంచుతుందన్న చిక్కు కూడా ఇక్కడే ఎదురవుతుంది. ఏది ఎంత కావాలన్న నిర్ణయం సాంకేతిక నిపుణులకు వదిలేయదగింది కాదని వారికి తెలుస్తుంది.

ఇక లోపాల సంగతి. యాక్సిలరోమీటర్ ముందువెనకల వంపునూ పక్కవాటు వంపునూ చక్కగా చెబుతుంది కానీ, బోర్డును బల్ల మీద పడుకోబెట్టి కుడిఎడమలకు తిప్పితే ఆ మార్పును పసిగట్టలేదు. అలాంటి తిరుగుడును పసిగట్టే గైరోస్కోప్ ఈ బోర్డులో లేదు. దిక్సూచి ఉన్నా, మోటారులోని అయస్కాంతం దగ్గరగా ఉంటే దాని లెక్క చెడుతుంది. కాబట్టి తల ఊపడం, తల వాల్చడం చేతితో సహజంగా నడపవచ్చు. తల పక్కకు తిప్పాలంటే మాత్రం పక్కవాటు వంపునే అందుకు వాడుకోవాలి. అప్పుడు చేయి ఒకలా, తల ఇంకోలా కదులుతాయి. కొందరు విద్యార్థులు దీనికి త్వరగా అలవాటు పడతారు, కొందరికి చివరిదాకా ఇబ్బందిగానే ఉంటుంది. ఎదుటి మనిషి వైపు తిరగడం రోబో ప్రవర్తనలో అంత ముఖ్యమైన కదలిక అయినప్పుడు, ఇది చిన్న లోపమని కొట్టిపారేయలేను.

విద్యుత్తు విషయంలో కొనేవారు ముందే జాగ్రత్తపడాలి. రెండో వెర్షన్ బోర్డు బయటి పరికరాలకు ఇవ్వగల కరెంటు దాదాపు 190 మిల్లీఆంపియర్లు. చిన్న సర్వో కూడా ఎక్కడైనా ఇరుక్కుని బలం పెడితే అర ఆంపియరు దాటి లాగగలదు. నేరుగా బోర్డు నుంచి మోటారు నడిపితే వోల్టేజి పడిపోయి, బోర్డు మళ్లీ మొదటినుంచి ప్రారంభమవుతుంది. ప్రయోగం మధ్యలో రోబో హఠాత్తుగా ఆగి, ఒక్కసారి ఉలిక్కిపడినట్టు కదిలితే ఎదుటివారు దానికీ ఒక అర్థం చెప్పుకుంటారు. మోటారుకు విడిగా బ్యాటరీలు పెట్టి, రెండింటి గ్రౌండ్ (నెగెటివ్) తీగలను కలపాలి, లేదా ఇందుకోసమే అమ్మే మోటారు డ్రైవర్ బోర్డు కొనాలి. మోటారు చేసే కీచుశబ్దం గురించి కూడా చెప్పాలి. నిశ్శబ్దంగా ఉన్న గదిలో తల ఎంత సున్నితంగా తిప్పినా ఆ శబ్దం ఆ సున్నితత్వాన్ని పాడుచేస్తుంది. మోటారు చుట్టూ నురుగుముక్క చుట్టితే కొంత తగ్గుతుంది, పోదు.

నాకు అన్నిటికంటే అభ్యంతరం బోర్డు మీది ఆ 25 దీపాల తెర మీద. వెలిగించగానే అందులో నవ్వు ముఖం వస్తుంది. మేక్‌కోడ్‌లో ముఖాల బొమ్మలు సిద్ధంగా ఉన్నాయి; రెండో వెర్షన్‌కు కిలకిల, ఆవులింత, పలకరింపు లాంటి శబ్దాలు కూడా ఒక్క ఆదేశంతో వస్తాయి. పిల్లలకు ఇది ఎంతో ఉత్సాహం కలిగిస్తుందని నాకు తెలుసు, ఆ ఉద్దేశంతో పెట్టినవారిని తప్పుపట్టను. కానీ డిజైన్ తరగతిలో ఇది పాఠాన్ని మొదట్లోనే కొట్టేస్తుంది. రోబో సంతోషంగా ఉందని చెప్పాలంటే నవ్వు ముఖం వేసేస్తే, కదలికతో, విరామంతో, దూరంతో చెప్పడానికి మార్గం వెతికే పని ఎవరూ చేయరు. తెర మీద నల్ల కాగితం అంటించి, శబ్దాలను చివరి దశ వరకు వాడొద్దని నియమం పెట్టాలని నా గట్టి సలహా. ఆ నియమం మొదట్లో విద్యార్థులకు కఠినంగా తోస్తుంది. తరవాత ముఖం చేర్చే అవకాశం ఇచ్చినప్పుడు, చాలా జట్లు తమ రోబోకు అది అక్కరలేదని తామే నిర్ణయించుకోవడం చూశాను.

ఇదే బోర్డు మీద నాకెంతో నచ్చిన ఒక చిన్న అంశం కూడా ఉంది. రెండో వెర్షన్‌లో మైకు వింటున్నప్పుడల్లా దాని పక్కన ఒక చిన్న ఎర్ర దీపం వెలుగుతుంది. రోబో తనను వింటోందా లేదా అని తెలుసుకునే హక్కు ఎదుటి మనిషికి ఉందన్న చర్చకు ఇంతకంటే తేలికైన ప్రవేశం దొరకదు. బోర్డును అట్ట శరీరంలో దాచగానే ఆ దీపం కనబడకుండా పోతుంది. అప్పుడేం చేయాలని అడగాలి. శరీరానికి రంధ్రం పెట్టిన జట్టూ ఉంటుంది, వింటున్నప్పుడు తల కాస్త ముందుకు వంచేలా చేసిన జట్టూ ఉంటుంది. రెండో జవాబు ఎంత అందంగా ఉన్నా, అది కచ్చితమైన సమాచారమేనా, లేక చూడముచ్చటైన నటనేనా అన్నది తేల్చుకోకుండా తరగతి ముగించకూడదు.

దూరం గురించి నేర్పడంలో ఈ పరికరం అంతగా తోడ్పడదు. మానవశాస్త్రవేత్త ఎడ్వర్డ్ హాల్ 1966లో ప్రతిపాదించిన కొలతల ప్రకారం ఆత్మీయుల మధ్య దూరం 45 సెంటీమీటర్ల లోపు, స్నేహితుల మధ్య 1.2 మీటర్ల వరకు, సామాజిక వ్యవహారాల్లో సుమారు 3.6 మీటర్ల వరకు ఉంటుంది. ఈ హద్దులు సంస్కృతిని బట్టి మారతాయని ఆయనే చెప్పాడు. రేడియో సంకేతం బలాన్ని బట్టి దూరం అంచనా వేయవచ్చని కొందరు అనుకుంటారు కానీ, మధ్యలో మనిషి నిలబడితే చాలు, ఆ లెక్క మారిపోతుంది. దూరం కొలిచే అల్ట్రాసోనిక్ సెన్సర్ విడిగా కొనాలి, అది మైక్రోబిట్ వాడే 3.3 వోల్టులతో పనిచేసే రకమో కాదో చూసుకోవాలి. నేనైతే దీనికి ఎలక్ట్రానిక్స్ వాడను. నేల మీద టేపుతో గీతలు అంటించి, చక్రాలున్న పెట్టెను తాడుతో లాగుతూ, ఎదుటి మనిషి ఎక్కడ చేయెత్తి ఆపమన్నాడో గుర్తుపెట్టిస్తే సరిపోతుంది. పెట్టె ఎత్తు మార్చి, వేగం మార్చి, వెనకవైపు నుంచి వచ్చేలా చేసి మళ్లీ చేయించాలి.

పరీక్షించే దశలో మైక్రోబిట్ మళ్లీ తన విలువ చూపుతుంది. మనిషి చాటుగా నడిపే యంత్రాన్ని, తనంతట తాను నడిచేదానిలా ప్రయోగంలో చూపే పద్ధతికి 1980ల తొలినాళ్లలో జాన్ కెల్లీ చేసిన పనితో ‘విజర్డ్ ఆఫ్ ఆజ్’ అనే పేరు స్థిరపడింది. చేతి బోర్డు జేబులో పట్టేంత చిన్నది కాబట్టి విద్యార్థి గదిలో ఒక మూల మామూలుగా కూర్చుని రోబోను నడపగలడు. రెండో వెర్షన్‌లో సమాచారాన్ని బోర్డులోనే నమోదు చేసుకునే సౌకర్యం ఉంది. తర్వాత కంప్యూటర్‌కు తగిలిస్తే ఏ క్షణంలో చేయి ఎంత వంగిందో పట్టికగా వస్తుంది. వీడియో పక్కన ఆ పట్టిక పెట్టుకుని చూసినప్పుడు, నడిపిన విద్యార్థి తాను రోబోను వేగంగా స్పందింపజేశానని అనుకున్న చోట నిజానికి చాలా ఆగాడని, ఎదుటి మనిషి అప్పటికే ముఖం తిప్పుకున్నాడని బయటపడుతుంది.

ఈ పరీక్షలకు కొన్ని కట్టుబాట్లు అవసరం. పాల్గొనేవారిని ముందే అనుమతి అడగాలి, వీడియో తీస్తున్నామని చెప్పాలి, చివర్లో రోబోను ఒక మనిషి నడిపాడని తప్పక వెల్లడించాలి. వెల్లడించాక వారి ముఖంలో వచ్చే మార్పును కూడా విద్యార్థులు చూడాలి. కొందరు నవ్వేస్తారు, కొందరికి నొచ్చుకున్నట్టు ఉంటుంది. ఆ నొప్పి గురించి మాట్లాడటం పాఠంలో భాగమే. రోబో తయారుచేసిన జట్టు పరీక్ష జరుగుతున్నంతసేపూ వివరణ ఇవ్వకూడదు. ‘నచ్చిందా’ అని అడిగితే మర్యాదకు నచ్చిందంటారు. ‘ఏం జరిగిందో చెప్పండి’ అని అడిగితే రోబోకు ఏ ఉద్దేశాలు అంటగట్టారో తెలుస్తుంది. రోబో పరిశోధకుడు బార్ట్‌నెక్, సహచరులు 2009లో ప్రచురించిన గాడ్‌స్పీడ్ ప్రశ్నావళిని కొన్ని తరగతుల్లో వాడతారు. మనిషి పోలిక, సజీవత్వం, ఇష్టం, తెలివి, భద్రత అనే ఐదు కోణాల్లో అంకెలు వేయించే పద్ధతి అది. పరిశోధనలో దానికి తగిన స్థానం ఉంది. తరగతిలో ఏ కొద్దిమంది దగ్గరో తీసుకున్న సగటులు మాత్రం విద్యార్థులకు లేనిపోని నమ్మకం కలిగిస్తాయి కనుక నేను వర్ణనలకే ప్రాధాన్యం ఇస్తాను.

ప్రత్యామ్నాయాలను క్లుప్తంగా చూస్తే, నావో లాంటి 58 సెంటీమీటర్ల మానవాకార రోబో చక్కటి ఇంజనీరింగ్. కానీ దాని రూపం, ముఖం ముందే నిర్ణయమైపోయాయి. డిజైన్ విద్యార్థికి అందులో మార్చడానికి మిగిలేది తక్కువ, తరగతికి ఒకటే ఉంటే తాకడానికి వంతు రావడం ఇంకా తక్కువ. ఆర్డుయినో 2005లో ఇటలీలోని ఇవ్రేయాలో డిజైన్ విద్యార్థుల కోసమే పుట్టిన బోర్డు. మోటార్ల సంఖ్య పెరిగినప్పుడు, పెద్ద ప్రాజెక్టుకు వెళ్లినప్పుడు అదే మేలు. కానీ దాని ప్రాథమిక బోర్డులో వంపు సెన్సర్ లేదు, రేడియో లేదు. ఇవన్నీ కలిపేసరికి మొదటి రోజు ఉత్సాహం తీగలు కలపడంలోనే ఖర్చవుతుంది. కార్నెల్ విశ్వవిద్యాలయంలో మైఖేల్ సుగిటాన్, గై హాఫ్‌మన్ రూపొందించిన బ్లాసమ్ అనే రోబో డిజైన్ అందరికీ ఉచితంగా అందుబాటులో ఉంది. ఫోన్‌ను చేతిలో వంచుతూ దాన్ని నడపవచ్చు, పైన అల్లిన తొడుగు వేయవచ్చు. మైక్రోబిట్‌తో మొదలుపెట్టిన తరగతికి రెండో మెట్టుగా దాన్ని సంతోషంగా సిఫారసు చేస్తాను.

కొనదలచినవారికి: రెండో వెర్షన్ మాత్రమే కొనండి. జట్టుకు రెండు బోర్డులు కనీసం ఉండాలి, ఒక్కటి కొంటే ఈ సమీక్షలో చెప్పిన పద్ధతిలో సగం సాధ్యం కాదు. జట్టులో ముగ్గురు చాలు; ఒకరు నడుపుతారు, ఒకరు గమనిస్తారు, ఒకరు ఎదుటి మనిషిగా ఉంటారు, వంతులవారీగా మారుతారు. సర్వోలు లెక్కకు మించి తెప్పించుకోవాలి, చేతితో బలవంతంగా తిప్పితే వాటి ప్లాస్టిక్ పళ్లు విరిగిపోతాయి. అట్ట, దారం, గుడ్డ, జిగురు విషయంలో మాత్రం పొదుపు చేయవద్దు.

ఈ పరికరంతో నేర్పలేని పెద్ద విషయం స్పర్శ. బోర్డు మీది చిహ్నం వేలు తగిలిందా లేదా అని మాత్రమే చెబుతుంది. నిమిరారా, నొక్కారా, కొట్టారా అన్న తేడా దానికి తెలియదు. చిన్న సర్వోకు మనిషి చేతిని నెట్టేంత బలమూ లేదు, ఒళ్లో పెట్టుకుంటే తెలిసేంత బరువూ లేదు. తకనోరి షిబాతా రూపొందించిన సీల్ పిల్ల రోబో పారో వృద్ధుల సంరక్షణలో అంత ఆదరణ పొందడానికి దాని బొచ్చు, ఆ బొచ్చు కింది స్పర్శ సెన్సర్లు, దాదాపు రెండున్నర కిలోల బరువు కూడా కారణాలని నేను నమ్ముతాను. అందుకే మైక్రోబిట్ అట్టపెట్టెలతో పాటు కొన్ని గుడ్డసంచులు కుట్టించి, వేర్వేరు బరువుల్లో ఇసుక నింపి తరగతిలో ఉంచుతాను. విద్యార్థులు సర్వో ఉన్న అట్ట తలను ముందు తేలికపాటి సంచి మీద, తర్వాత బరువైన సంచి మీద అమర్చి, కళ్లు మూసుకున్న సహాధ్యాయి ఒళ్లో పెట్టి, ఒకే కదలికను రెండుసార్లు నడిపి, ఆ సహాధ్యాయి రెండింటినీ ఎలా వర్ణించాడో రాసుకుంటారు.